పోలీసు రేడియో ఎన్‌క్రిప్షన్: మీ ఊళ్ళో స్కానర్ ఇంకా వినిపిస్తోందా?

కిరణ్_బేఏరియా
పోయిన వారం రాత్రి పదకొండున్నరకి మా ఇళ్ళ మీద హెలికాప్టర్ ఇరవై నిమిషాలు తిరిగింది. మైకులో ఏదో చెబుతున్నారు, ఒక్క ముక్క అర్థం కాలేదు. పిల్లలు లేచి కూర్చున్నారు. అలవాటు కొద్దీ స్కానర్ (పోలీసు, ఫైర్ రేడియో మాటలు వినే పరికరం) పెట్టాను. పోలీసు ఛానెల్ నిశ్శబ్దం. ఎన్‌క్రిప్ట్ చేశారని, అంటే బయటివాళ్ళకి వినబడకుండా తాళం వేశారని తెలుసు, అయినా చెయ్యి ఆగలేదు. దారి తప్పిన ఒక పెద్దాయన కోసం వెతికారని మర్నాడు మధ్యాహ్నం తెలిసింది. అప్పుడే తెలిసుంటే టార్చిలైటు పట్టుకుని మా పెరట్లో మేమూ చూసేవాళ్ళం కదా!

2020 ఆగస్టులో ఇక్కడ కాలిఫోర్నియాలో, శాంటాక్రూజ్ కొండల్లో సీజడ్‌యూ అనే కార్చిచ్చు వచ్చినప్పుడు మా బావగారి ఇల్లు అటువైపే. ఏ రోడ్డు మూశారో, మంట ఎటు తిరిగిందో ఫైర్ ఛానెల్‌లో విని ఆయనకి ఫోన్ చేస్తూ కూర్చున్నాను. ఆ రేడియో విలువ నాకు ఆ రాత్రి తెలిసింది. మీ దగ్గర పరిస్థితి ఏమిటి? ఒకసారి మూశాక మళ్ళీ తెరిచిన ఊరేదైనా ఉందా?

పద్మజ_పి
ఉందండీ, పాలో ఆల్టో. 2020 అక్టోబరులో కాలిఫోర్నియా న్యాయశాఖ ఒక సర్క్యులర్ పంపింది. లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ, పాత కేసుల వివరాలు రేడియోలో అందరికీ వినబడకూడదు అని. రెండు దారులు ఇచ్చింది: రేడియో మొత్తం ఎన్‌క్రిప్ట్ చెయ్యడం, లేదా ఆ వివరాలు మాత్రం బయటికి రాకుండా ఒక పద్ధతి పెట్టుకోవడం. చాలా ఊళ్ళు మొదటి దారే పట్టాయి. పాలో ఆల్టో కూడా 2021 జనవరిలో మూసేసింది. 2022 సెప్టెంబరులో కొత్త చీఫ్ ఆండ్రూ బైండర్ హయాంలో తిరిగి తెరిచారు. ఒకరి వ్యక్తిగత వివరాలు కావాలంటే ఆఫీసర్లు ఫోన్‌లోనో కారులోని కంప్యూటర్‌లోనో చూసుకునే ఏర్పాటు చేశారు. రాష్ట్ర హైవే పెట్రోల్ పోలీసులు అయితే అప్పుడు అసలు మూయనే లేదు. అంటే రెండో దారి నడవగలిగే దారే. అదే ఏడాది రాష్ట్రమంతా తెరిపించాలని సెనేటర్ జాష్ బెకర్ తెచ్చిన బిల్లు మాత్రం గట్టెక్కలేదు. నాకు ఇప్పటికీ బాధే.

డిస్పాచర్_అక్క
తొమ్మిదేళ్ళుగా అత్యవసర ఫోన్లు అందుకునే 911 సెంటర్‌లో పనిచేస్తున్నాను. మా వైపు సంగతీ వినండి. మొగుడు కొడుతున్నాడని ఒకావిడ ఫోన్ చేస్తుంది. ఆమె ఏ అపార్ట్‌మెంట్‌లో దాక్కుందో నేను రేడియోలో చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ నాకు గుండె పీచుపీచుమంటుంది. వాడి ఫోన్‌లో స్కానర్ యాప్ ఉంటే? ఒకసారి దొంగతనం కేసులో పట్టుబడ్డ కుర్రాడి జేబులో మా ఛానెలే మోగుతోంది. పూర్వం స్కానర్ కొని, ఫ్రీక్వెన్సీలు ఎక్కించుకునే ఓపిక ఉన్నవాళ్ళే వినేవారు. స్కానర్ మాటలు ఇంటర్నెట్‌లో వినిపించే బ్రాడ్‌కాస్టిఫై లాంటివి వచ్చాక ఫోన్ ఉంటే చాలు.

అయినా మొత్తం మూసెయ్యడం నాకూ ఇష్టం లేదు. మా దగ్గర ఆఫీసర్లని కాల్స్‌కి పంపే డిస్పాచ్ ఛానెల్ ఓపెన్, ప్రమాదకరమైన ఆపరేషన్లకి వాడే టాక్టికల్ ఛానెల్ మాత్రం ఎన్‌క్రిప్టెడ్. స్వాట్ టీమ్ (ప్రత్యేక సాయుధ పోలీసు దళం) బయల్దేరితే అందులోకి మారతారు. గృహహింస కాల్స్‌లో అపార్ట్‌మెంట్ నంబరు కంప్యూటర్‌లోనే పంపే ఏర్పాటు కూడా ఉంటే నాకింకేం అక్కర్లేదు.

సుధీర్_షికాగో
ఇక్కడ షికాగోలో పోలీసు రేడియోని అరగంట ఆలస్యంగా వినిపిస్తారు. పేపరు వాళ్ళకీ అంతే. ఏం జరిగిందో తర్వాత సరిచూసుకోడానికి పనికొస్తుంది, కాదనను. కానీ వీధి చివర కాల్పులు జరిగితే పిల్లాణ్ణి బస్‌స్టాప్‌కి పంపాలా వద్దా అన్నది అరగంట తర్వాత తెలిసి ఏం లాభం?

రవి_ఈఎంటీ
న్యూయార్క్‌లో 2023 జూలైలో బ్రూక్లిన్ నుంచి ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టారు. కొత్త రేడియో వ్యవస్థకి 39 కోట్ల డాలర్లు. నేను పక్క కౌంటీలో శని, ఆదివారాలు వాలంటీర్ అంబులెన్స్‌లో ఉంటాను. యాక్సిడెంట్ అని పోలీసు ఛానెల్‌లో వినగానే బూట్లు వేసుకునేవాళ్ళం. మాకు పిలుపు వచ్చేసరికి బండి స్టార్ట్ అయి ఉండేది. ఇప్పుడు అది వినబడక, పిలుపు వచ్చాకే లేస్తున్నాం. ఆ రెండు మూడు నిమిషాల విలువ రోగి పక్కన కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది.

మూర్తి_విశ్రాంత_విలేఖరి
హైదరాబాదులో క్రైమ్ బీట్ చేసినవాణ్ణి, ఇప్పుడు అమ్మాయి దగ్గరికొచ్చాను. మా రోజుల్లో రాత్రి పదింటికి స్టేషన్‌లో టీ తాగుతూ కూర్చుంటే రైటర్ బల్ల మీద వైర్‌లెస్ సెట్ మాట్లాడుతూనే ఉండేది. అదే మా స్కానర్. రేడియోలో ఒకటి విని, మర్నాడు ప్రెస్‌నోట్‌లో ఇంకోటి చదివిన రోజులున్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకునే అవకాశం పోతే విలేఖరికి మిగిలేది ప్రెస్‌నోట్ ఒక్కటే.

హ్యామ్_వేణు
ఒక్క సవరణ. డిజిటల్ వేరు, ఎన్‌క్రిప్షన్ వేరు. "డిజిటల్ అయింది, ఇక వినబడదు" అని చాలామంది స్కానర్ అమ్మేస్తున్నారు, తొందరపడకండి. పోలీసులు వాడే ప్రాజెక్ట్ 25 డిజిటల్ రేడియో ఓపెన్‌గా ఉంటే చవకైన ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్), ల్యాప్‌టాప్‌తోనే వినొచ్చు. ఏఈఎస్-256 అనే గట్టి ఎన్‌క్రిప్షన్ పెడితే మాత్రం తాళంచెవి (కీ) లేకుండా వినడం ఎవరి తరమూ కాదు. చాలాచోట్ల ఫైర్ ఛానెళ్ళు ఇంకా ఓపెనే. కొన్ని రాష్ట్రాల్లో కారులో స్కానర్ పెట్టుకోడానికి ఆంక్షలున్నాయి, చూసుకోండి.

ఇండియాకి వెళ్తూ స్కానర్ పట్టుకెళ్ళేవాళ్ళు మరీ జాగ్రత్త. మన దేశంలో వైర్‌లెస్ పరికరానికి లైసెన్స్ ఉండాలన్న నియమం 1933 చట్టం నాటిది. హ్యామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్స్ ఉన్నా పోలీసుల మాటలు వినడానికి అది అనుమతి కాదు.

కిరణ్_బేఏరియా
అందరికీ థాంక్స్. డిస్పాచర్ అక్కా, అపార్ట్‌మెంట్ నంబరు సంగతి నాకు తట్టనే లేదు. మంగళవారం మా కౌన్సిల్ మీటింగ్‌లో మాట్లాడటానికి పేరిచ్చాను. రెండు నిమిషాలే ఇస్తారు. మొత్తం తెరవమని కాకుండా, డిస్పాచ్ ఛానెల్ తెరిచి మీరు చెప్పిన కాల్స్ వివరాలు కంప్యూటర్‌లో పంపమని అడుగుతాను. పద్మజగారూ, పాలో ఆల్టో పద్ధతి ఉన్న కాగితం మీ దగ్గరుంటే సోమవారంలోపు పెట్టగలరా?