అప్‌డేట్: స్టెంట్ పడ్డాక పాత ఫైబర్ పడవ నేనే బాగుచేసుకోవాల్నా?

ఎండాకాలంల అడిగిన కదా: గుండెకు స్టెంట్ వేసి మూడు నెలలు, సాగర్ బ్యాక్‌వాటర్‌ల తిప్పే నా పన్నెండేళ్ల పడవల నీళ్లు ఊరుతున్నయి, నేనే చేసుకోవాల్నా, మేస్త్రికి ఇయ్యాల్నా అని. జవాబిచ్చిన అందరికీ దండం.

"ముందు డాక్టర్‌ను అడుగు" అన్న మాటే పనికొచ్చింది. బయట కూసొని రంగేసుడు ఫర్వాలేదన్నడు. పడవ తిరగేసుడు, గ్రైండర్ దుమ్ము, రెసిన్ (ఫైబర్ పనికి పూసే, గట్టిపడే జిగురు) వాసన మాత్రం వద్దన్నడు. రక్తం పల్చబడే గోలీలు వాడుతున్న కాబట్టి చెయ్యి తెగితే నెత్తురు తొందరగా ఆగదట. అది నాకు తట్టనే లేదు.

ఇగ మేస్త్రి వచ్చి చూస్తే, అడుగున నేను సుద్దముక్కతో గీసిపెట్టిన పగులు ఉత్తదే, పైపూత చిట్లింది అంతే. అప్పటి జవాబులల్ల మనమందరం దాని మీదనే తన్నుకున్నం! అసలు కారుడు వెనక, ఇంజన్ బిగించే పలక దగ్గర. బోల్టుల బొక్కల నుంచి నీళ్లు లోపలి చెక్కల దిగినయి. స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే చెక్క తడిసిన అటుకుల లెక్క ఊడొచ్చింది. ఎం-సీల్ పూసి సరిపెట్టే పని గాదు.

కుళ్లిన చెక్క తీసి, తడి లేకుండ వారం ఎండబెట్టి, కొత్త పలక పెట్టి పైన మ్యాట్ (గాజు పోగుల గుడ్డ), రెసిన్ మూడు పొరలు వేసిండు. తడి మీద రెసిన్ పట్టదు, ఎవరైనా తొందరపడకుండ్రి. బొక్కలకు సీలెంట్ పెట్టి బోల్టులు బిగించిండు. రంగు నేనే వేసిన, పొద్దున గంట చొప్పున ఆరు రోజులు.

పది రోజులాయె నీళ్లల దింపి, చుక్క లేదు. ఇంజన్ మాత్రం మా చిన్నోడే ఎత్తిపెడుతున్నడు.