ఒకే మట్టికి యాక్టివ్ కార్బన్ (నేలలో త్వరగా మారే కర్బనం) రీడింగులు రెండు రకాలుగా వస్తున్నాయి
స్థానికంగా అమ్మే కూరగాయల మళ్లలో కంపోస్టు వల్ల నేల కర్బనం పెరుగుతుందా అన్నది నా పోస్ట్‌డాక్ పని. మొత్తం సేంద్రియ కర్బనాన్ని కొలిచే వాక్లీ-బ్లాక్ పద్ధతిలో, 0–15 సెం.మీ. లోతు మట్టిలో, తేడా కనబడలేదు. మొత్తం కర్బనం కదలాలంటే ఏళ్లు పడుతుంది, ఫెలోషిప్ అన్నాళ్లు ఆగదు కదా!

అందుకే యాక్టివ్ కార్బన్‌ను కొలిచే పర్మాంగనేట్ పద్ధతికి మారాను. గాలికి ఆరబెట్టి 2 మి.మీ. జల్లెడ పట్టిన మట్టి 2.5 గ్రాములు, 0.02 మోలార్ పొటాషియం పర్మాంగనేట్ ద్రావణం 20 మి.లీ., 2 నిమిషాలు కుదిపి, 10 నిమిషాలు తేరనిచ్చి, ద్రావణంలో రంగు ఎంత మిగిలిందో 550 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగు. ఒకే సంచిలోని మట్టికే 20 శాతానికి పైగా తేడా వస్తోంది. ద్రావణం కొత్తగా కలిపి ముదురు రంగు సీసాలో పెట్టాను, స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన గాఢతలతో గీసే పోలిక రేఖ) బాగానే ఉంది, టైమర్ తప్పడం లేదు.

మట్టిని 0.5 మి.మీ. కంటే మెత్తగా నూరి చూసినవాళ్లున్నారా? రీడింగుల మధ్య తేడా తగ్గిందా?