స్కీ అంచులకు ఎన్ని రోజులకోసారి పదును పెట్టాలి? (ఏడాదికి వారమే వాడకం, మిగతా కాలం హైదరాబాద్‌లో)

ప్రశ్న: మణికొండ_స్కీ

మంచు మీద జారే సొంత స్కీలు, 170 సెంటీమీటర్లు, నడుము (మధ్యలో సన్నటి చోటు) వెడల్పు 84 మిల్లీమీటర్లు. ఏడాదికి ఒక్కసారి, జనవరి చివర్లో కశ్మీర్‌లోని గుల్మార్గ్, ఆరేడు రోజులు. తర్వాత మళ్లీ జనవరి దాకా ఫ్లాట్‌లోనే ఉంటాయి. ఇప్పుడు సంచి తెరిస్తే ఉక్కు అంచుల మీద అక్కడక్కడా ఎర్రటి తుప్పు మచ్చలు. ఎడమ స్కీకి బూటు కింద వచ్చే భాగంలో ఒక గాటు కూడా ఉంది, రాయి తగిలినట్టుంది.

రోజూ పదును పెట్టాలని ఒకరు, సీజన్‌కి ఒకసారి చాలని ఇంకొకరు చెప్పారు. ఏది సరి? ఇంట్లో చేసుకోవాలంటే ఏమేం కావాలి, ఇక్కడ దొరికేవేంటి?

జవాబు: రాణిగంజ్_ఆకురాయి

ఇద్దరూ సరిగానే చెప్పారండి. ఒకరు డైమండ్ రాయి సంగతి చెప్పారు, ఇంకొకరు ఆకురాయి (ఉక్కు ఫైలు) సంగతి. రెంటినీ "పదును" అనే ఒకే మాటతో పిలవడం వల్ల తికమక వస్తోంది.

డైమండ్ రాయి ఉక్కును పెద్దగా తినదు. ఆ రోజు అంచు మీద లేచిన సన్నటి గరుకును, అంటే బర్‌ను, తీసేసి నునుపు చేస్తుంది. స్కీయింగ్ చేసిన ప్రతి సాయంత్రం ఒక్కో అంచుకు రెండు మూడు సార్లు నడిపితే సరిపోతుంది. ఆకురాయి అలా కాదు, పాత ఉక్కును కోసి కొత్త అంచును బయటికి తెస్తుంది. కొత్త స్కీకే అంచు మందం సుమారు 2 మిల్లీమీటర్లు, కాబట్టి అది లెక్కగా ఖర్చు చేసుకోవాల్సిన సొమ్ము. మీ వాడకానికి బయల్దేరే ముందు ఒక్కసారి ఆకురాయి పడితే చాలు.

రోజులు లెక్కపెట్టడం కంటే గోటితో చూడటం నయం. గోరు పైభాగాన్ని అంచుకు అడ్డంగా, నొక్కకుండా లాగండి. గోటి నుంచి తెల్లటి పొడి రాలితే పదును ఉన్నట్టు, ఊరికే జారిపోతే మొద్దుబారినట్టు. ముందు భాగంలో, బూటు కింద, వెనక, మూడు చోట్లా చూడండి. బూటు కింది భాగమే అన్నిటికంటే త్వరగా అరుగుతుంది. మంచును బట్టి కూడా తేడా ఉంటుంది. గుల్మార్గ్ పైనున్న అఫర్వత్ కొండ మీద కొత్తగా పడ్డ మెత్తటి మంచులో వారం తిరిగినా అంచు పెద్దగా అరగదు. పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన గట్టి బాట మీద అయితే రెండు రోజులకే తేడా తెలుస్తుంది. సీజన్ మొదట్లో పలుచటి మంచు కింద రాళ్లుంటే ఒక్క పూటలోనే పాడవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. అంచుకు రెండు ముఖాలుంటాయి. ఒకటి అడుగు వైపు, రెండోది పక్క వైపు. మామూలు వాడకం స్కీలకు అడుగు వైపు 1 డిగ్రీ, పక్క వైపు 2 డిగ్రీలు ఎక్కువగా కనిపించే కోణాలు. మీ మోడల్‌కు కంపెనీ ఏం చెప్పిందో ఒకసారి చూసుకోండి. మీరు పదును పెట్టాల్సింది పక్క ముఖానికే, 88 డిగ్రీల (90లోంచి 2 తీస్తే) గైడుతో, అంటే ఆకురాయిని ఆ కోణంలోనే నిలిపే పట్టుతో. అడుగు ముఖానికి ఆకురాయి తగలనివ్వకండి. అక్కడ గీసేకొద్దీ కోణం పెరుగుతుందే కానీ తగ్గదు. ఎక్కువైతే స్కీని బాగా వాల్చేదాకా అంచు మంచును పట్టదు. పాత కోణం రావాలంటే అడుగు మొత్తాన్ని మెషిన్ మీద గ్రైండ్ చేయించాలి. చేతిపని చేసేవాళ్లలో ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే.

ఆకురాయి కోసం రాణిగంజ్ హార్డ్‌వేర్ బజారు చాలు. కానీ ఊరికే "ఫ్లాట్ ఫైల్" అంటే అడ్డదిడ్డంగా గళ్లున్న డబుల్ కట్ చేతిలో పెడతారు, అది అంచును చీరేస్తుంది. పళ్లన్నీ ఒకే వాటంగా ఉండే "మిల్ సా ఫైల్", 8 అంగుళాలది, అడగండి. 400, 600 గ్రిట్ (గరుకు సంఖ్య, పెరిగేకొద్దీ నునుపు) డైమండ్ రాళ్లు కూడా అక్కడే వెతకొచ్చు. కోణం గైడు, గమ్మీ రాయి (ఇసుక కలిపిన రబ్బరు దిమ్మ) మాత్రం స్కీ సామాన్లు అమ్మే ఆన్‌లైన్ షాపుల నుంచి తెప్పించుకోండి. గైడు లేకుండా చేతి అంచనాతో ఆకురాయి పట్టొద్దు.

ఇక పని. బూటు బిగించే చోట ఉండే బ్రేకులు అడ్డం రాకుండా సైకిల్ ట్యూబు ముక్కతో పైకి కట్టేయండి. స్కీని పక్క మీద నిలబెట్టి వైస్‌లో బిగించండి, దవడల మధ్య రబ్బరు ముక్కలు పెట్టాలి. అడుగు మీద అంచు వెంబడి టేపు అతికిస్తే ఇనుప రజను అందులో దిగదు. ముందు గమ్మీ రాయితో తుప్పు తీయండి. మీరు చెప్పినట్టు మచ్చలే అయితే ఆ దెబ్బకే పోతాయి. తర్వాత మార్కర్ పెన్నుతో పక్క ముఖమంతా నల్లగా పూసి గైడుతో ఒక్కసారి మెల్లగా గీయండి. సిరా వెడల్పంతా సమంగా పోతే కోణం కలిసినట్టే. సిరా సరిగా పోకపోతే, అంచు పైనున్న ప్లాస్టిక్ పక్కగోడ ఆకురాయిని ఎత్తిపెడుతోందేమో చూడండి. అలాగైతే ముందు ఆ ప్లాస్టిక్‌ను కొద్దిగా చెక్కాలి.

ఆకురాయి ఒకే దిశలో, చేయి సాగినంత దూరం. తిరుగు వరసలో పైకి ఎత్తేయాలి, వెనక్కి రుద్దితే పళ్లు పోతాయి. గీత గీతకీ ఇత్తడి బ్రష్‌తో రజను దులపండి. మూడు నాలుగు సార్లకు గరగరమనే శబ్దం పోయి ఒకే తీరుగా సాగుతుంది, అక్కడితో ఆపేయండి. ఆపైన తడిపిన 400, తర్వాత 600 డైమండ్. చివరికి ముందూ వెనకా మంచుకు తగలకుండా పైకి లేచే భాగంలో గమ్మీతో కొంచెం మొద్దు చేయండి. లేదంటే మలుపు వదిలేటప్పుడు స్కీ తోక (వెనక కొన) మంచులో పట్టేస్తుంది. చేతికి గ్లవుజులు తప్పనిసరి.

మణికొండ_స్కీ

చాలా థాంక్స్ అండి. గాటు ఉన్న చోట ఆకురాయి అసలు పట్టడం లేదు, కీచుమని జారిపోతోంది. గట్టిగా నొక్కాలా?

రాణిగంజ్_ఆకురాయి

అస్సలు నొక్కొద్దు. రాయికి రాసుకున్నప్పుడు ఆ చిన్న చోట ఉక్కు విపరీతంగా వేడెక్కి, మంచులో వెంటనే చల్లారుతుంది. కమ్మరి కత్తికి నీళ్లు పట్టినట్టే అక్కడి పైపొర గట్టిపడిపోయింది. దాని మీద నొక్కితే అరిగేది ఆకురాయి పళ్లే. 100 లేదా 200 గ్రిట్ డైమండ్‌తో, లేకపోతే మామూలు కార్బోరండం రాయితో ఆ ఒక్క చోటే రుద్దండి. గట్టి పొర పోయాక ఆకురాయి దానంతటదే పడుతుంది. అడుగు వైపుకు పొడుచుకొచ్చిన ఉక్కు ఉంటే దాన్ని కూడా రాయితోనే, అడుగుకు సమంగా ఆనించి తీయండి. గాటు లోతు పోయేదాకా మొత్తం అంచును అరగదీయకండి, చిన్న పల్లం ఉండిపోతే నష్టమేమీ లేదు. అంచు చీలినా, అడుగు నుంచి విడివడినా అది వేరే రిపేరు. ఎపాక్సీతో అతికించాలి, చేయి తిరిగినవాళ్లకే ఇవ్వండి.

జవాబు: తార్నాక_బోర్డ్

అన్న చెప్పింది స్కీలకు కరెక్టే. ఇది చూసి స్నోబోర్డుకు (రెండు కాళ్లకూ కలిపి ఒకటే పలక) గూడ 88 పెడతరేమో అని రాస్తున్న. బోర్డుకు మామూలుగ అడుగు 1, పక్క 1, అంటే 89 గైడు. వేళ్ల వైపు, మడమ వైపు రెండంచులూ గోటితో చూడాలె, చాలామందికి ఒక వైపే ఎక్కువ అరుగుతది. ముందు, వెనక అంచు మంచును తాకే చివరి పాయింటు దాటినంక గమ్మీ కొట్టి మొద్దు చేస్కోండి, లేకుంటె మలుపుల మొదట్ల గుంజి పడేస్తది. ఇనుప రెయిళ్ల మీద జారేటోళ్లు కాళ్ల మధ్య అంచుకు అసలు పదును పెట్టొద్దు.

తుప్పు సంగతి గూడ చెప్త. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబర్ దాక గాలిల తేమ మస్తు ఉంటది, సంచిల మూసిపెడితే తుప్పు పట్టుడు ఖాయం. గుల్మార్గ్‌ల ఆఖరు రోజు తడి స్కీలను సంచిల పెట్టి విమానమెక్కిస్తరు, తుప్పు ఆడనే మొదలైతది. తుడిచి ఆరబెట్టి, రెండు స్కీల నడుమ గుడ్డ పెట్టి కట్టాలె, అంచుకు అంచు రాసుకుంటె సామాన్లలనే మొద్దుబారుతయి. ఆకురాయి, రాళ్లు చెక్-ఇన్ బ్యాగులనే.

ఇంటికొచ్చినంక వేడి వ్యాక్స్ (స్కీ మైనం) మందంగ పట్టించి, ఉక్కు మీదికి గూడ పొర్లనిచ్చి, గీకకుండ అట్లనే వదిలెయ్యాలె. స్టీమ్ లేని పాత ఇస్త్రీ పెట్టె ఒకటి దీనికే ఉంచుకోండి. పొగ లేస్తే వేడి ఎక్కువైనట్టు, ఒక్కచోట ఆపొద్దు. మిషిన్ నూనె, కొబ్బరి నూనె మాత్రం పుయ్యొద్దు, అడుగుకు ఎక్కితె మళ్ల వ్యాక్స్ పట్టది. ఎండకు కాలే స్లాబు కింద అటక మీద కాకుండ గాలి ఆడే గదిల, సంచి జిప్పు తీసి పెట్టండి. జనవరిల ఆ వ్యాక్స్ గీకేసి గోటితో చూడుండ్రి, పొడి రాలితే ఆ ఏడు ఆకురాయి ముట్టే పనే లేదు.