1971 ఫియట్: ఇంట్లో రేకు దాకా గీకాలా, షెడ్డుకి ఇవ్వాలా?

కావలి_ఫియట్: నాన్నగారి 1971 ఫియట్ 1100 ఎనిమిదేళ్లుగా వాకిట్లో పట్టా కింద ఉంది. సీట్లు, డోర్లు, బానెట్, డిక్కీ మూత విప్పేశాను. రంగంతా గీకి రేకు బయటపెట్టాలా, తుప్పున్న చోటే గీకితే చాలా? గ్రైండరుంది, ఆదివారాలున్నాయి.

హెరాల్డ్_నెల్లూరు: మొత్తం గీకన్నా. నా స్టాండర్డ్ హెరాల్డ్ కారు మా ఇంట్లోనే బోల్టులు తీసి, బాడీని ఛాసిస్ (కింది ఇనుప చట్రం) మీంచి లేపి చేశాను. కింద ఏముందో చూడకుండా రంగేస్తే డబ్బు నీళ్లపాలు.

ఒంగోలు_టింకర్: హెరాల్డుకి ఛాసిస్ విడిగా ఉంటుంది. ఫియట్‌కి బాడీయే ఛాసిస్. డోర్ల కింద సిల్ కోసే ముందు డోరు ఖాళీలో అడ్డంగా పైపు వెల్డ్ చేయకపోతే బండి నడుము వంగుతుంది, ఆపైన డోరు పడదు. 28 ఏళ్లుగా రేకు కొడుతున్నా, ఇది ఇంట్లో పని కాదు.

హెరాల్డ్_నెల్లూరు: ఆయన అడిగింది గీకడం గురించి. కోయడం గురించి కాదు.

ఒంగోలు_టింకర్: గీకితే కోయాల్సి వస్తుంది తమ్ముడూ.

ఉప్పుగాలి: కావలి అంటే సముద్రం పక్కనే. ఇవాళ గీకిన రేకు రేపటికి ఎర్రబడుద్ది. రోజుకి ఒక్క డోరు గీకి సాయంత్రానికి తుప్పు పట్టకుండా ఆపే తొలిపూత, ఎపాక్సీ ప్రైమర్ కొట్టెయ్యండి. పాత రంగులో సీసం ఉండొచ్చు, గ్రైండరు దుమ్ము పిల్లల మీద పడనీయొద్దు.

బుల్లెట్_బాబు: శాండ్ బ్లాస్టింగ్, అదే గాలి ప్రెషర్‌తో ఇసుక కొట్టించడం, చేయిస్తే రంగంతా ఒక్క రోజులో పోద్ది కదా?

ఒంగోలు_టింకర్: చక్రాలకి చేయించుకో. బానెట్‌కి, పైకప్పుకి కొట్టిస్తే రేకు అప్పడంలా ఉబ్బుద్ది.

హెరాల్డ్_నెల్లూరు: ప్రెషర్ తగ్గించి, ఇసుక బదులు సన్న పొడితో కొడితే ఉబ్బదు.

ఒంగోలు_టింకర్: తగ్గించి కొట్టేవాడిని చూపించు.

ఆర్టీవో_చుట్టూ: ఒక్క మాట. 2021 రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు, ఫీజు 20,000. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కోసే ముందు మూలమూలా ఫొటోలు తీసుకోండి.

హెరాల్డ్_నెల్లూరు: శాండ్ బ్లాస్టింగ్ సంగతి వదిలేద్దాం. మా మామయ్య ఫియట్ ఒక షెడ్డుకిచ్చాం. 40 వేలన్నారు, విప్పాక లక్షా పది వేలన్నారు. 14 నెలలు తిప్పారు. బండి తిరిగొచ్చాక చూస్తే స్టీరింగ్ మీద హారన్ రింగు లేదు. ఇంట్లో విప్పుకుంటామంటే మీకెందుకు మంటో నాకు తెలుసు.

ఒంగోలు_టింకర్: ఎవరో రింగు కొట్టేస్తే నేను దొంగనా? నా దగ్గరికొచ్చిన ఒక ఆసామి సంగతి విను. ఇంట్లో గీకి వానకొదిలేసిన బాడీ, మూడు గోతాల బోల్టులు తెచ్చి దించాడు. ఏ బోల్టు ఎక్కడిదో ఆయనకే తెలీదు. ఫ్లోరు మీద వేలు నొక్కితే కిందికి దిగింది. పైగా ‘సగం పని నేనే చేశాగా, సగం రేటుకి చెయ్యి’ అన్నాడు. రంగు పైపైన చూసి రేటు చెప్పమంటారు. పుట్టీ కింద ఏముందో నాకు కలొస్తుందా? తక్కువ చెబితే విప్పాక మోసమంటారు, ఎక్కువ చెబితే పక్క షెడ్డుకి పోతారు.

హెరాల్డ్_నెల్లూరు: మరి నేనంటున్నదీ అదే కదా! గీకి తెస్తే రేటు ఒక్కసారే చెప్పొచ్చుగా?

ఒంగోలు_టింకర్: చెబుతా. బోల్టులు కవర్లలో వేసి, పైన పేర్లు రాసి తెస్తే. సిల్ ముట్టుకోకుండా తెస్తే.

కావలి_ఫియట్: ఇది చదివి ఫ్రిజ్ మీది అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ అంతా తిప్పాను. ఎడమ సిల్ మీద జానెడు మేర పట్టలేదు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే పుట్టీ బిళ్ల ఊడొచ్చింది. లోపల ఫైబర్ గుడ్డ, దాని వెనక సిమెంటు. ఇల్లు కట్టే సిమెంటే! నాన్నగారికి తెలిసే చేయించారో, ఎవరైనా అంటగట్టారో.

ఒంగోలు_టింకర్: ఆగండి, ఇంకేమీ పీకొద్దు. ఎడమ డోర్లు రెండూ మళ్లీ బిగించి, చుట్టూ సందు పైన ఎంత, కింద ఎంత కొలిచి రాసుకోండి. సిల్ కింద జాకీ పెట్టొద్దు. ఆదివారం నేనే వస్తా, కావలిలో ఎక్కడ?

హెరాల్డ్_నెల్లూరు: అన్నా, వచ్చేముందే రేటు అడుగు.