అప్‌డేట్: ఈత రాదు, వాంతుల భయం... అయినా ఫిఫి బోట్ ట్రిప్‌కి వెళ్ళొచ్చాం

నాకు ఈత రాదు, మా ఆవిడకి కారెక్కితేనే వాంతులు, థాయ్‌లాండ్‌లో ఫుకెట్ నుంచి ఫిఫి దీవులకి స్పీడ్‌బోట్‌లో ఒక్కరోజు ట్రిప్ పెట్టుకోవచ్చా అని గత నెల అడిగాను కదా, వెళ్ళొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

వాంతులకి బాగా పనిచేసింది బోటు వెనక సీటు. ముందు కూర్చున్నవాళ్ళు ప్రతి అలకీ ఎగిరి పడుతుంటే మేం వెనక కాస్త కుదురుగా ఉన్నాం. గంట ముందు మా ఆవిడ అవోమిన్ (వాంతులు రాకుండా వేసుకునే మాత్ర) కూడా వేసుకుంది, తిరుగు ప్రయాణంలో మాత్రం కొంచెం తిప్పింది, అంతే.

స్నార్కెలింగ్‌లో (మాస్క్, గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కింద చేపల్ని చూడటం) నా అసలు సమస్య ఈత కాదండీ, మీసం! లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి మునిగే భయం లేదు, కానీ మాస్క్‌లోకి ఒకటే నీళ్ళు. మూడు మాస్కులు మార్చాను, బిగించి బిగించి చెంపల మీద అచ్చులు పడ్డాయి. చివరికి బోటు కుర్రాడు నా మొహం చూసి నవ్వి, వాజిలైన్ డబ్బా ఇచ్చి మీసానికి రాయమని సైగ చేశాడు. రాశాక చుక్క నీరు రాలేదు, పసుపు నలుపు చారల చేపలు వేళ్ళ దాకా వచ్చాయి.

ఫిఫి దీవుల్లోనే ఉన్న బీచ్ మాయా బేలో లోతెంత అని అడగడం దండగ, 2022లో మళ్ళీ తెరిచాక అక్కడ ఈత కొట్టనివ్వడం లేదు. దీవి వెనకవైపు దిగి నడిచి వెళ్ళి చూసి రావడమే. ఆగస్టు, సెప్టెంబరుల్లో అయితే అదీ ఉండదు, మూసేస్తారు.