వెన్వ్‌లో టార్చ్ ఉంది, నోట్‌బుక్‌లో మాత్రం లేదంటోంది
అన్నలూ, మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. వరి ఆకుల ఫొటోలు చూసి అగ్గితెగులు గుర్తుపట్టే చిన్న మోడల్ చేద్దామని ఉబుంటులో వెన్వ్ (ఒక ప్రాజెక్టుకి కావలసిన పైథాన్ ప్యాకేజీలు విడిగా ఉంచే ఫోల్డర్) పెట్టి, యాక్టివేట్ చేసి, అందులోనే పైటార్చ్ (ఇలాంటి మోడళ్లు చేసే పైథాన్ లైబ్రరీ, కోడ్‌లో దాని పేరు టార్చ్) వేశాను, ఫోన్ హాట్‌స్పాట్ మీద అది దిగేసరికి ఆ రోజు డేటా మొత్తం ఊడ్చుకుపోయింది. టెర్మినల్‌లో ఇంపోర్ట్ టార్చ్ అంటే బాగానే పనిచేస్తుంది. జుపిటర్ నోట్‌బుక్‌లో (బ్రౌజర్‌లోనే కోడ్ రాసి నడిపేది) అదే లైన్ కొడితే 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అని ఎర్రగా వస్తోంది. అక్కడ ఏ పైథాన్ నడుస్తోందో చెప్పే సిస్.ఎగ్జిక్యూటబుల్ ప్రింట్ చేస్తే నా వెన్వ్ ఫోల్డర్ కాదు, యూఎస్ఆర్ బిన్‌లో ఉన్న పైథాన్ చూపిస్తోంది, అంటే కెర్నల్ (నోట్‌బుక్ కోడ్‌ని వెనక నడిపే పైథాన్) వేరేది నడుస్తున్నట్టే కదా? వెన్వ్‌లో ఐపీవైకెర్నల్ (ఆ పైథాన్‌ని జుపిటర్‌కి కెర్నల్‌గా కలిపే ప్యాకేజీ) వేసి రిజిస్టర్ చేస్తే సరిపోతుందా, లేక జుపిటర్ కూడా అందులోనే మళ్లీ వేయాలా? అంతా తీసేసి మొదటి నుంచి పెట్టమని మాత్రం అనకండి, ఇంకోసారి అంత డేటా నా వల్ల కాదు.