ఏఆర్-9 స్పీకర్లు చేతికొచ్చాయి, వూఫర్ల ఫోమ్ అంతా రాలిపోయింది. ఉన్నవి బాగు చేసుకోనా, అప్‌గ్రేడ్ చేయనా?

మృదంగప్రియుడు:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, ఇప్పుడు బోస్టన్ దగ్గర ఉంటున్నాం. పోయిన నెల మా పక్కింటి పెద్దాయన ఇల్లు అమ్మేసి కూతురి ఊరికి వెళ్లిపోతూ, "నువ్వు సంగీతం వింటావు కదా, వీటిని ఎవరో చెత్తలో పడేస్తే నేను చూడలేను, నువ్వే తీసుకో" అని రెండు పెద్ద స్పీకర్లు ఇచ్చారు. తీరా చూస్తే ఏఆర్-9. అకౌస్టిక్ రీసెర్చ్ వాళ్లు 1978లో తెచ్చిన పెద్ద మోడల్. కంపెనీ అప్పట్లో ఇక్కడే నార్వుడ్‌లో ఉండేది. ఆయన కొత్తవే కొని ఇన్నేళ్లూ ఒకే గదిలో ఉంచుకున్నారు. దాదాపు నాలుగున్నర అడుగుల ఎత్తు, ఒక్కొక్కటి 60 కిలోల దాకా ఉంటాయి, ముగ్గురం కలిస్తే గానీ మెట్లు దించలేకపోయాం.

ఒక్కో పెట్టెలో ఐదు డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే భాగాలు. అడుగున కింది స్వరాలు పలికే 12 అంగుళాల వూఫర్లు రెండు, అవి మన వైపు కాకుండా చెరో పక్కకి చూస్తుంటాయి. ముందు వైపు 8 అంగుళాలది ఒకటి, దాని పైన మధ్య స్వరాలకి ఒకటిన్నర అంగుళాల డోమ్, బాగా పై స్వరాలకి ముప్పావు అంగుళం ట్వీటర్. చెక్క చెక్కుచెదరలేదు. కానీ పక్కన జాలీ తీసి చూసేసరికి వూఫర్ అంచున ఉండే ఫోమ్ ముక్కలు ముక్కలుగా కింద పడి ఉంది. మిగిలింది వేలితో ముట్టుకుంటే తారులా అంటుకుంది, సబ్బుతో రెండుసార్లు కడిగినా గోళ్ల సందుల్లోంచి పోలేదు.

ఆగలేక చిన్న వాల్యూమ్‌లో మృదంగం ఒకటి పెట్టాను. మృదంగం కుడి మూత నాదం ఎంత బాగుందంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది. ఎడమ మూత, అదే తొప్పి మీద, గుంకీ (లోతుగా జారే దెబ్బ) పడినప్పుడల్లా మాత్రం బరబరమని కాగితం చిరిగిన చప్పుడు.

ఇప్పుడు నా ప్రశ్నలు. ఫోమ్ నేనే మార్చుకోగలనా, ఎవరికైనా ఇవ్వాలా? ఆడియో అంటే పిచ్చి ఉన్న ఫ్రెండ్ ఒకడు, ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి కెపాసిటర్లన్నీ ఖరీదైన ఫిల్మ్ రకానివి వేసెయ్, ట్వీటర్లు కొత్తవి పెట్టెయ్, లోపలి వైర్లు మార్చెయ్ అంటున్నాడు. 600 డాలర్ల దాకా పెట్టగలను. ఇంకో రెండేళ్లలో హైదరాబాద్ వచ్చేద్దామనుకుంటున్నాం, వీటిని తెచ్చుకోవడం తెలివైన పనేనా?

పాతరేడియో:

ముందు ఆ పాటలు ఆపెయ్ తమ్ముడూ, దయచేసి. అంచు లేని వూఫర్‌లో కోన్‌ని పట్టుకుని మధ్యలో ఉంచేది వెనకున్న స్పైడర్ అనే మడతల గుడ్డ ఒక్కటే, కోన్‌ని కదిలించే తీగచుట్ట, అంటే కాయిల్, పక్కకి ఒరిగి అయస్కాంతానికి రాసుకుందంటే ఈరోజు ఫోమ్‌తో పోయేది రేపు కాయిల్ దాకా వస్తుంది.

నీ ఫ్రెండ్ మాట పక్కన పెట్టు, కనీసం ఆరు నెలలు. ఈ స్పీకర్లు అసలు ఎలా పాడతాయో నువ్వు ఇంకా వినలేదు. వినని దాన్ని ఏం మెరుగు పరుస్తావు? ముందు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితికి తీసుకురా, కొన్నాళ్లు విను, అప్పుడు ఇంకా ఏదైనా వెలితి అనిపిస్తే చూద్దువుగాని.

ఆ ఫోమ్ పాలీయూరిథేన్. వాడినా వాడకపోయినా గాలిలో తేమకి పదిహేను ఇరవై ఏళ్లలో విరిగిపోతుంది, అది పెద్దాయన తప్పు కాదు. అయితే ఈ కంపెనీ స్పీకర్లలో ఫోమ్‌కి మామూలు కంటే పెద్ద బాధ్యత ఉంది. ఎడ్గర్ విల్చుర్, హెన్రీ క్లాస్ కలిసి 1954లో ఏఆర్ పెట్టిందే ఒక ఆలోచన మీద: పెట్టెని గాలి చొరకుండా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకోవడం. అందుకని కోన్‌ని చాలా వదులుగా, మెత్తగా వేలాడదీస్తారు, వెనక్కి లాగే పని లోపలి గాలి చూసుకుంటుంది. ఏఆర్-9 మోత 28 హెర్ట్జ్ అంత లోతైన స్వరం దగ్గర కూడా 3 డెసిబెల్సే తగ్గుతుందంటే కారణం అదే. ఎవరైనా గట్టి రబ్బరు అంచో, వేరే కంపెనీ వూఫర్ కోసం చేసిన ఫోమో అంటిస్తే ఆ లెక్క మొత్తం పోతుంది. ఏఆర్ 12 అంగుళాల వూఫర్‌కని ప్రత్యేకంగా అమ్మే ఫోమే తీసుకో. 8 అంగుళాల వాటికీ ఫోమే, వాటిని మర్చిపోకు. మొత్తం ఆరు మార్చాలి.

నువ్వే చేసుకోవచ్చు. కష్టమంతా పాత జిగురు తీయడంలోనే ఉంది, దానికి రోజంతా పట్టినా సరే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దికొద్దిగా తడుపుతూ, మొద్దుగా ఉన్న చాకుతో నెమ్మదిగా గీకు. కాగితం కోన్ తడిసి మెత్తబడితే ఆపి ఆరనివ్వు. తెల్లటి నీటి జిగురు వాడు, అది వెంటనే పట్టేయదు కాబట్టి సర్దుకోవడానికి టైమ్ ఇస్తుంది. ముందు ఫోమ్‌ని కోన్‌కి అంటించి పూర్తిగా ఆరనిచ్చాకే ఫ్రేమ్‌కి అంటించాలి. ఆ రెండోసారి అంటించేటప్పుడే కోన్‌ని నడిమధ్యలో నిలబెట్టాలి. దానికి ఆంప్ నుంచి చాలా తక్కువ వాల్యూమ్‌లో 30 హెర్ట్జ్ టోన్ ఇచ్చి చెవి దగ్గర పెట్టి విను. ఎక్కడైనా గరగర వినిపిస్తే ఫోమ్‌ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపు. చప్పుడు పోయిన చోట వదిలెయ్. ఒక రోజంతా కదపకు.

తిరిగి బిగించేటప్పుడు ఫ్రేమ్ కింద మెత్తటి పుట్టీ సీలు కొత్తది వెయ్యి. లోపలి పీచు ఎంత ఉందో అంతే, ఎక్కడుందో అక్కడే పెట్టు. ఫైబర్‌గ్లాస్ అయితే గ్లౌజులూ మాస్కూ లేకుండా చెయ్యి పెట్టకు.

సీలు సరిగ్గా ఉందో లేదో చూడడానికి ఈ మోడల్‌లో మంచి పరీక్ష ఉంది. ఆంప్ తీగలు తీసేసి, ఒక పక్క వూఫర్‌ని రెండు అరచేతులతో మెల్లగా లోపలికి నొక్కు. అవతలి వైపుది బయటికి రావాలి, వదలకుండా అలాగే పట్టుకుంటే అది మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి వెళ్లాలి. చటుక్కున వెళ్లిపోతే ఎక్కడో గాలి పోతోందన్నమాట.

సోల్డర్‌వాసన:

అన్న చెప్పిన దానికి నేను క్రాస్ఓవర్ గురించి, అంటే ఏ స్వరాలు ఏ డ్రైవర్‌కి వెళ్లాలో విడదీసే సర్క్యూట్ గురించి, కలుపుతా.

కెపాసిటర్లు చూసి తీరాల్సిందే, నలభై ఐదేళ్లు దాటినవి. కానీ "అన్నీ ఫిల్మ్ వేసెయ్" అనేది ఈ స్పీకర్‌కి నప్పదు. వూఫర్ సెక్షన్‌లో 2,500 మైక్రోఫారడ్‌ది ఒకటి ఉంటుంది, 470ది ఇంకోటి. ఆ విలువలో ఫిల్మ్ కెపాసిటర్ కావాలంటే పెట్టెలో పట్టదు, నీ బడ్జెట్‌లోనూ పట్టదు. అక్కడ పాత రకానిదే, అంటే బైపోలార్ ఎలక్ట్రోలైటిక్, కొత్తది పెట్టు, అంతే. ట్వీటర్, డోమ్‌ల దగ్గర ఉండే చిన్న విలువలకి ఫిల్మ్ వేసుకోవచ్చు. అయితే పాత ఎలక్ట్రోలైటిక్‌లో కొంత సొంత నిరోధం ఉంటుంది, ఫిల్మ్‌లో అది దాదాపు ఉండదు, అందుకే మార్చాక పైస్థాయి కాస్త గట్టిగా, పదునుగా అనిపించొచ్చు. చాలామంది దాన్నే "డీటెయిల్ పెరిగింది" అనుకుని రెండు వారాల తర్వాత చెవులు నొప్పి అంటారు. అలా అనిపిస్తే సిరీస్‌లో అర ఓమ్ రెసిస్టర్ పెట్టి విని చూడు.

ఏ కెపాసిటర్ మార్చే ముందైనా దాని రెండు తీగల్లో ఒకటి విప్పి మీటర్‌తో కొలువు. మొత్తం ఫోటోలు తీసి పెట్టుకో, రంగు తీగలతో సహా. ఇంకో మాట, ఒకేసారి రెండు స్పీకర్లూ చేయకు. ఒకటి పూర్తి చేసి, మోనోలో పెట్టి, చేయని దానితో పోల్చి విను. తేడా ఎటు వచ్చిందో చెప్పడానికి అంతకంటే నమ్మకమైన సాక్షి దొరకదు.

ఇండక్టర్లు, అంటే ఆ రాగి చుట్టలు, పాడవ్వవు. లావు తీగవి వేస్తే మంచిదని ఎవరైనా చెప్తే వినకు, వాటి నిరోధం కూడా డిజైన్‌లో భాగమే. లోపలి తీగలకీ అంతే. ట్వీటర్లు మార్చడం మాత్రం అస్సలు వద్దు. కొత్త దాని సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత మోగుతుందో) వేరు, ఇంపెడెన్స్ (ఓమ్‌లలో నిరోధం) వేరు, పాత క్రాస్ఓవర్ దానికి కుట్టిన చొక్కా కాదు. అసలుకే ఎసరు వస్తుంది.

స్విచ్‌లు చూశావా? మధ్య, పై స్వరాల మోత తగ్గించుకునే లెవెల్ స్విచ్‌లు మూడు ఉండాలి, సున్నా, మైనస్ 3, మైనస్ 6 డెసిబెల్స్. వాటి లోపల తుప్పు పట్టి చాలా ఏఆర్-9లలో డోమ్ మూగబోతుంది, జనం డ్రైవర్ పోయిందనుకుంటారు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఒక్కోదాన్ని ముప్పై నలభై సార్లు అటూ ఇటూ వెయ్యి. ఇంత చవకైన అప్‌గ్రేడ్ ఇంకోటి లేదు.

మిగిలిన డబ్బుతో ఆంప్ చూసుకో. 4 ఓమ్‌ల స్పీకర్, కింది స్వరాల దగ్గర ఇంకా తగ్గుతుంది, సెన్సిటివిటీ 87 డెసిబెల్సే. మామూలు హోమ్ థియేటర్ రిసీవర్ వేడెక్కి ఆగిపోతుంది. 4 ఓమ్‌లకి తట్టుకుంటుందని రాసి ఉన్న గట్టి పవర్ ఆంప్ కావాలి.

సాగరతీరం:

విశాఖ నుంచి. నా అనుభవం చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది.

మా మావయ్య సింగపూర్ నుంచి తెచ్చిన టవర్ స్పీకర్లు నా దగ్గర ఉండేవి. బీచ్‌కి దగ్గర ఇల్లు, ఆ ఉప్పు గాలికీ తేమకీ ఫోమ్ పన్నెండేళ్లకే రాలిపోయింది. ఫంక్షన్ల సౌండ్ బాక్సులు బాగుచేసే షాపులో ఇచ్చాను. సాయంత్రానికల్లా చేసి ఇచ్చాడు, అంచు చుట్టూ మందపాటి గుడ్డ అంటించి. చప్పుడు చేశాయి, కానీ కింది స్వరం మొత్తం పోయింది, తంబూరా వెనకాల ఉందో లేదో తెలిసేది కాదు. అతనికి తెలిసింది పెళ్లి పందిట్లో గట్టిగా మోగించడం, ఆ పనిలో అతను నిజంగా నేర్పరి. నేనే వేరే పనిని అతని చేతిలో పెట్టాను. ఆ గుడ్డ పీకేటప్పుడు ఒక కోన్ చిరిగింది, ఆ జత అలా పోయింది. ఇప్పటికీ బాధే. కాబట్టి రీఫోమింగ్ అమెరికాలో ఉండగానే చేసుకోండి, ఒక సెట్ ఫోమ్ అదనంగా కొని బిగించిన డబ్బాలో పెట్టి తెచ్చుకోండి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు, తీగలు దొరుకుతాయి గానీ ఈ ఫోమ్ దొరుకుతుందని ఆశపడొద్దు.

తెచ్చుకోవడం మంచిదేనా అంటే, సామాను ఎలాగూ కంటైనర్‌లో వస్తుంటే తప్పకుండా తెచ్చుకోండి. స్పీకర్లకి కరెంటు ప్లగ్గే లేదు, వోల్టేజీ గొడవ రాదు. ఆంప్ సంగతి వేరు, అక్కడిది 120 వోల్టులది, ఇక్కడ 230. ఆంప్ పెద్దది కొనేదుంటే వోల్టేజీ మార్చుకునే వీలున్నది చూడండి, లేదా ఇక్కడికి వచ్చాక కొనండి. చెక్క పెట్టెలు చేయించి లోపల సిలికా జెల్ సంచులు పడేయండి.

ఇంకోటి ఎవరూ చెప్పరు. అక్కడి జిప్సమ్ బోర్డు గోడలు బాస్‌ని కొంత మింగేస్తాయి. ఇక్కడ కాంక్రీటు గోడలు, టైల్స్ నేల, అన్నీ తిప్పి కొడతాయి. అవే స్పీకర్లు అక్కడ విన్నట్టు ఇక్కడ వినిపించవు. తివాచీ, మందపాటి కర్టెన్లు, పుస్తకాల బీరువా ముందు చూసుకోండి. ఆ లెవెల్ స్విచ్‌లు ఇక్కడ బాగా అక్కరకొస్తాయి.

మృదంగప్రియుడు:

మూడు నెలలయింది, ఏమైందో చెప్తాను. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ఆరు ఫోమ్‌లూ నేనే మార్చాను. జిగురు గీకడానికి నాలుగు వీకెండ్‌లు పట్టింది. మొదటి వూఫర్ గరగరలాడింది, జిగురు ఆరకముందే గమనించి ఒక నూలు పోగంత జరిపితే పోయింది. పాతరేడియో గారు చెప్పిన పరీక్ష చేశాను: ఇటు నొక్కితే అటు కోన్ ఊపిరి తీసుకున్నట్టు పైకి లేచి, మనసులో ఇరవై లెక్కపెట్టేదాకా దిగలేదు. మా అబ్బాయిని పిలిచి వాడి చేత్తో కూడా చేయించాను.

కుడి స్పీకర్ డోమ్ సగం మూగగా ఉండేది. స్విచ్ కడిగితే వచ్చేసింది, డ్రైవర్‌కి ఏమీ కాలేదు. కెపాసిటర్లు కొలిస్తే చిన్నవాటిలో మూడు 20 శాతం పైగా పెరిగిపోయి ఉన్నాయి, వాటిని మార్చాను, 2,500వి కూడా మార్చాను. ట్వీటర్లు, తీగలు ముట్టుకోలేదు. కొలిచే మైక్ ఒకటి కొన్నాను. గోడకి మూడడుగుల దూరంలో ఉన్నప్పుడు 100 హెర్ట్జ్ పైన పెద్ద గుంట కనపడింది. గోడకి ఆనుకునేలా జరిపితే ఆ గుంట చాలావరకు పూడిపోయింది. వూఫర్లు కింద, పక్కలకి ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది, గోడ పక్కన ఉంటేనే అవి సరిగ్గా పనిచేసేలా చేశారు.

నిన్న రాత్రి మళ్లీ అదే మృదంగం పెట్టాను. తొప్పి మీద గుంకీ తీసినప్పుడు ఆ స్వరం కింద నుంచి పైకి జారడం నేలమీద కూర్చున్నవాళ్లకి అరికాళ్లలో తెలిసింది. వెంటనే పెద్దాయనకి ఫోన్ చేసి, రిసీవర్ స్పీకర్ ముందు పెట్టాను. ఫోన్‌లో ఆయనకి ఏం వినపడిందో గానీ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ట్వీటర్ స్విచ్ మైనస్ 3 మీద పెట్టు, ఆ గదిలోనూ అంతే పెట్టేవాణ్ణి" అన్నారు. పెట్టాను. అదే బాగుంది.

ఆంప్ ఇంకా కొనలేదు. 4 ఓమ్‌లకి సరిపడేవి, వోల్టేజీ మార్చుకునే వీలున్నవి ఎవరైనా వాడుతుంటే చెప్పండి.